దొంగ ఏ కంప్యూటర్లోంచి వచ్చాడు? ఒక ఇంటి కేస్ స్టడీ

ఒకే ఇంట్లో అయిదు కంప్యూటర్లు. పెద్దాయనది విండోస్ 10 నడిచే పాత డెస్క్‌టాప్. ఆయన భార్యది గూగుల్ క్రోమ్‌ఓఎస్ నడిచే క్రోమ్‌బుక్. కూతురిది మ్యాక్‌బుక్, కోడలిది విండోస్ 11 ల్యాప్‌టాప్, చదువుకుంటున్న చిన్న కొడుకుది లినక్స్ మింట్ (ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) వేసిన ల్యాప్‌టాప్. ఇంటి కాగితాలు, బిల్లులు, ఫోటోల కోసం అందరూ కలిసి వాడే ఈమెయిల్ అకౌంట్ ఒకటుంది. అది అయిదింటిలోనూ ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది. ఒకరోజు ఆ అకౌంట్ నుంచి తెలిసినవాళ్ళందరికీ అర్జెంటుగా డబ్బు కావాలంటూ మెయిళ్ళు వెళ్ళాయి. పాస్‌వర్డ్ మారలేదు. రెండంచెల వెరిఫికేషన్ ఆన్‌లోనే ఉంది. ఎవరి ఫోన్‌కూ ఓటీపీ రాలేదు. కొత్త పరికరం నుంచి లాగిన్ అయినట్టు హెచ్చరిక కూడా ఎవరికీ కనబడలేదు.

ఇళ్ళకూ చిన్న ఆఫీసులకూ కంప్యూటర్ భద్రత చూసిపెట్టడం నా పని. నేను వెళ్ళేసరికే ఆ ఇంట్లో తీర్పు అయిపోయింది. ముద్దాయి పెద్దాయన డెస్క్‌టాప్. పాతది, నెమ్మది, పైగా విండోస్ 10. "బాబూ, ఇదంతా నా డబ్బా వల్లేనా?" అని ఆయనే మెల్లగా అడిగారు. కూతురు మాత్రం ధీమాగా ఉంది: "నాది మ్యాక్ అన్నా, దానికి వైరస్‌లు రావు. దాన్ని వదిలేసి మిగతావి చూడండి."

ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కువ భద్రం అన్న ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. సాధారణంగా గాల్లో జరిగే చర్చ అది. ఈ ఇంట్లో మాత్రం అయిదు రకాలూ ఒకే అకౌంట్‌కి తలుపులుగా ఉన్నాయి, వాటిలో ఒకటి తెరుచుకుంది. పోల్చి చూడటానికి ఇంతకన్నా మంచి అవకాశం దొరకదు కాబట్టి ఈ కేసును వివరంగా రాస్తున్నాను.

ముందు అకౌంట్, తర్వాతే మిషన్లు

ఓటీపీ రాకుండా, పాస్‌వర్డ్ మారకుండా ఎవరో లోపలికి వచ్చారంటే నా మొదటి అనుమానం సెషన్ దొంగతనం మీదే. మనం ఒకసారి పాస్‌వర్డ్, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్ళాక, మళ్ళీ మళ్ళీ అడగకుండా ఉండటానికి ఆ సైటు మన బ్రౌజర్‌కి ఒక కుకీ ఇస్తుంది. ఆ కుకీ చూపించినవాడే అసలు మనిషి అని సైటు నమ్ముతుంది. దాన్ని కాపీ చేసి తన బ్రౌజర్‌లో పెట్టుకున్నవాడికి పాస్‌వర్డుతో పని లేదు, ఓటీపీతో అసలే పని లేదు. ఈ పని కోసమే తయారైన మాల్వేర్ జాతి ఒకటుంది, ఇన్ఫోస్టీలర్ అంటారు. అది ఫైళ్ళకు తాళం వేసి బెదిరించదు, కంప్యూటర్‌ని నెమ్మది చేయదు. కొన్ని నిమిషాల్లో కుకీలు, సేవ్ చేసిన పాస్‌వర్డులు, క్రిప్టో వాలెట్లు, డెస్క్‌టాప్ మీది ఫైళ్ళు మూటగట్టి పంపించేస్తుంది. చాలాసార్లు ఆ తర్వాత తనంతట తనే చెరిగిపోతుంది.

అకౌంట్ యాక్టివిటీ పేజీ తెరిచాం. పరికరాల జాబితాలో అయిదే ఉన్నాయి, అన్నీ ఇంట్లోవే. అయితే వాటిలో ఒక సెషన్ దాదాపు ఒకే సమయంలో రెండు చోట్ల నుంచి పనిచేసింది: ఒకటి ఇంటి ఇంటర్నెట్, రెండోది సంబంధం లేని ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్ చిరునామా). ఆ సెషన్ మ్యాక్ మీది క్రోమ్ బ్రౌజర్‌ది. బ్రౌజర్ తన గురించి చెప్పుకునే వివరాలను అబద్ధంగా చూపించడం తేలికే గనక దీన్ని రుజువు అనను. కానీ వెతకడం ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసింది.

ఇంకొకటి దొరికింది. అకౌంట్‌లో ఎవరూ పెట్టని ఫిల్టర్ ఒకటుంది. సెక్యూరిటీ అనే మాట ఉన్న మెయిల్ ఏది వచ్చినా నేరుగా ట్రాష్‌లోకి పంపేస్తోంది. హెచ్చరికలు ఎందుకు కనబడలేదో అర్థమైంది. ఇలాంటి కేసుల్లో పాస్‌వర్డ్ మార్చేసి ఊపిరి పీల్చుకునేవాళ్ళు ఎక్కువ. ఫిల్టర్లు, ఫార్వర్డింగ్, రికవరీ ఫోన్ నంబరు, రికవరీ మెయిల్ చూడరు. దొంగ తిరిగి వచ్చేది వాటి గుండానే.

మ్యాక్‌లో ఏం జరిగింది

మ్యాక్‌లో టెర్మినల్ (కమాండ్లు టైపు చేసి నడిపే విండో) హిస్టరీ తెరవగానే కథ మొత్తం ఒక్క లైనులో ఉంది. ఒక అడ్రస్ నుంచి స్క్రిప్టు దింపి వెంటనే నడిపించే కమాండు. అడ్రస్ కనబడకుండా దాన్ని అర్థంకాని అక్షరాల గొలుసుగా మార్చి ఉంచారు. కూతురిని అడిగితే గుర్తుచేసుకుంది. వీడియో ఎడిటింగ్‌కి ఒక ఉచిత టూల్ వెతుకుతుంటే ఒక పేజీ వచ్చింది. "మీరు రోబో కాదని నిరూపించుకోండి" అంది. మామూలుగా బొమ్మల్లో బస్సులు గుర్తుపట్టమనే చోట, ఈ లైను కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయమంది. చేసింది. తర్వాత మ్యాక్ పాస్‌వర్డ్ అడుగుతూ ఒక చిన్న పెట్టె వచ్చింది. ఇచ్చింది. ఆ వెంటనే డెస్క్‌టాప్ ఫోల్డర్ చూడటానికి టెర్మినల్ అనుమతి కోరుతోంది అని మరో పెట్టె. దానికీ సరే అంది.

ఇక్కడ మ్యాక్ రక్షణలు ఏం చేశాయన్నదే ఆసక్తికరమైన సంగతి. మ్యాక్‌కి మాల్వేర్ రాదన్న నమ్మకం ఎప్పుడో 2012లోనే బద్దలైంది. జావాలోని లోపం వాడుకుని ఫ్లాష్‌బ్యాక్ అనే మాల్వేర్ ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లలో చేరింది. ఆపిల్ కూడా ఊరుకోలేదు. 2012లోనే, దింపిన ప్రోగ్రాములను నడిపించే ముందు తనిఖీ చేసే గేట్‌కీపర్ వచ్చింది. సిస్టమ్ ఫైళ్ళను అడ్మిన్ కూడా ముట్టుకోలేకుండా చేసే రక్షణ 2015లో వచ్చింది. 2019 నుంచి యాప్ స్టోర్ బయటి ప్రోగ్రాములను కూడా ఆపిల్ ముందుగా స్కాన్ చేసి ముద్ర వేయాలన్న నియమం గట్టిపడింది. 2024లో వచ్చిన సెకోయా వెర్షన్‌లో గేట్‌కీపర్‌ను రైట్ క్లిక్‌తో దాటిపోయే పాత చిట్కాను తీసేశారు, ఇప్పుడు సెట్టింగ్స్ దాకా వెళ్ళాలి. దొంగలు టెర్మినల్ దారికి మళ్ళడానికి ఈ బిగింపు ఒక కారణం అని నా అభిప్రాయం.

టెర్మినల్ దారిలో గేట్‌కీపర్ అడ్డు రాదు. బ్రౌజర్‌తో దింపిన ఫైలుకి మ్యాక్ క్వారంటైన్ అనే గుర్తు అంటిస్తుంది, ఆ గుర్తు చూసే గేట్‌కీపర్ తనిఖీ చేస్తుంది. టెర్మినల్ కమాండుతో దింపినదానికి ఆ గుర్తే ఉండదు. గుర్తు లేనిదాన్ని ఆపేదెవరు? ఇక పాస్‌వర్డ్ ఎందుకు అడిగిందంటే, మ్యాక్‌లో క్రోమ్ తన కుకీలను ఒక తాళంతో ఎన్‌క్రిప్ట్ చేసి (చదవలేని రూపంలోకి మార్చి) ఆ తాళాన్ని కీచెయిన్ అనే మ్యాక్ ఖజానాలో దాస్తుంది. కీచెయిన్ తెరవాలంటే లాగిన్ పాస్‌వర్డ్ కావాలి. పాస్‌వర్డ్ అడిగిన ఆ పెట్టె మ్యాక్‌ది కాదు, దొంగ గీసిన బొమ్మ. ఆపిల్ సొంత బ్రౌజర్ సఫారీ డేటాకు మ్యాక్ ప్రత్యేకంగా కాపలా పెడుతుంది. ఆ అమ్మాయి ఈ అకౌంట్‌ను సఫారీలో వాడి ఉంటే దొంగకి ఇంకొంచెం కష్టమయ్యేది. అంతకుమించి ఏమీ చెప్పలేను.

మ్యాక్ సిస్టమ్ మాత్రం చెక్కుచెదరలేదు. ఆపరేటింగ్ సిస్టమ్ ఫైళ్ళలో ఒక్క బైటూ మారలేదు. పోయింది మాత్రం ఆ అమ్మాయి సొత్తు.

అదే మోసం మిగతా నాలుగింటి మీద జరిగి ఉంటే?

ఇంట్లోవాళ్ళకు నేను నివేదిక ఈ ప్రశ్న చుట్టూనే తయారుచేశాను. ఏ సిస్టమ్‌లో ఎన్ని లోపాలు బయటపడ్డాయో లెక్కపెట్టి పోల్చే పట్టికలు చాలా ఉంటాయి. మామూలు వాడకందారుకి అవి పెద్దగా ఉపయోగపడవు. లోపాలు ఎక్కువ బయటపడితే ఎక్కువమంది వెతుకుతున్నారని కూడా అర్థం కావచ్చు. నాకు కావలసిన కొలమానం వేరు: మనిషి పొరపాటున ఒక్కసారి సరే అంటే, ఆ సరే ఎంత దూరం పోతుంది?

కోడలి విండోస్ 11లో ఇదే మోసం ఇంకో వేషంలో తిరుగుతోంది. అక్కడ టెర్మినల్ బదులు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కమంటారు. వచ్చిన పెట్టెలో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటారు. లోపల నడిచేది పవర్‌షెల్, విండోస్‌లో కమాండ్లు నడిపే ప్రోగ్రామ్. ఇక్కడ విండోస్‌కి ఒక మంచి మార్కు వేయాలి. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఫైళ్ళనే కాదు, పవర్‌షెల్ నడిపించబోయే స్క్రిప్టును కూడా చదువుతుంది, తెలిసిన మోసాన్ని అక్కడే ఆపుతుంది. తెలియనిది దాటిపోతుంది. దాటిపోయాక విండోస్ పరిస్థితి చాలాకాలం మ్యాక్ కన్నా అధ్వానంగా ఉండేది. కుకీల తాళాన్ని విండోస్ కాపాడే పద్ధతిలో, ఆ యూజర్ పేరు మీద నడిచే ఏ ప్రోగ్రామ్ అడిగినా తాళం ఇచ్చేసేది, పాస్‌వర్డ్ పెట్టె గీయాల్సిన పని కూడా లేదు. 2024 జులైలో క్రోమ్ 127తో గూగుల్ ఆ తాళాన్ని క్రోమ్‌కి మాత్రమే కట్టిపడేసింది. దొంగలు దానికీ దారులు వెతికారు గానీ పని కష్టమైంది, శబ్దం ఎక్కువైంది, యాంటీవైరస్ కంటబడే అవకాశం పెరిగింది.

విస్టా కాలం నుంచీ ఉన్న, తెర మసకబారి అవునా కాదా అని అడిగే యూఏసీ పెట్టె గురించి ఒక మాట. మన పేరు అడ్మిన్‌గా ఉన్నప్పుడు ఆ పెట్టెను భద్రతా సరిహద్దుగా లెక్కించడం లేదని మైక్రోసాఫ్టే చెబుతుంది. పైగా కుకీలు దొంగిలించడానికి అడ్మిన్ హక్కులే అక్కర్లేదు, కాబట్టి ఈ కేసులో ఆ పెట్టె అసలు వచ్చేదే కాదు.

చిన్న కొడుకు తన లినక్స్ మింట్‌కి ఏమీ కాదన్నాడు. నిజమే, ఆ పేజీలో లినక్స్ వాళ్ళకు కమాండే పెట్టలేదు. దొంగ వాళ్ళను లెక్కలోకే తీసుకోలేదు. దాన్ని రక్షణ అనడానికి నాకు మనసొప్పదు; గిరాకీ లేకపోవడం అది. నిర్మాణం చూస్తే సంప్రదాయ లినక్స్ డెస్క్‌టాప్‌లో మన హోమ్ ఫోల్డర్లోని ప్రతి ఫైలునూ మనం నడిపే ప్రతి ప్రోగ్రామూ చదవగలదు. లాగిన్ అవగానే కీరింగ్ (పాస్‌వర్డులు దాచే ఖజానా) తెరుచుకుంటుంది, అందులోని రహస్యాలను ఏ ప్రోగ్రామ్ అడిగినా ఇస్తుంది. పాత ఎక్స్11 డిస్‌ప్లే పద్ధతిలో ఒక ప్రోగ్రామ్ ఇంకో విండోలో కొట్టే అక్షరాలను కూడా వినగలదు. దాని స్థానంలో వేలాండ్ వచ్చాక ఇది ఆగింది. ఇక ఒక లైను కాపీ చేసి టెర్మినల్‌లో పేస్ట్ చేయండి అన్నది లినక్స్ లోకంలో మోసంలా కనబడదు, పెద్ద పెద్ద ప్రాజెక్టుల ఇన్‌స్టాల్ సూచనలే అలా ఉంటాయి! తమ్ముడికి ఆ అలవాటు బాగానే ఉంది.

లినక్స్‌కి ఉన్న అసలు బలం వేరే చోటుంది. సాఫ్ట్‌వేర్ అంతా డిస్ట్రిబ్యూషన్ (మింట్ లాంటి లినక్స్ రకం) నడిపే ఒకే గిడ్డంగి నుంచి, డిజిటల్ సంతకంతో వస్తుంది. ఉచిత టూల్ కోసం తెలియని పేజీలు తిరగాల్సిన అవసరం చాలావరకు రాదు. ఈ కేసు మొదలైందే అలాంటి వెతుకులాటతో గనక, ఇది చిన్న విషయం కాదు. ఆ గిడ్డంగి మీద కూడా దాడులు జరుగుతాయి. ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ లైబ్రరీలో ఎవరో ఓపిగ్గా నమ్మకం సంపాదించి దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన రిమోట్ లాగిన్‌కి ఎందుకు అర సెకను ఎక్కువ పడుతోందా అని తవ్వి 2024 మార్చి 29న దాన్ని బయటపెట్టాడు. పరీక్షల్లో ఉన్న, ఎప్పటికప్పుడు కొత్తవి తెచ్చే డిస్ట్రిబ్యూషన్లలోకే అది చేరింది, మింట్ లాంటి నెమ్మది రకాలకు తగలలేదు. అలాగని మింట్ వాళ్ళు గీర పోవడానికీ లేదు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైటులోకే చొరబడి, డౌన్‌లోడ్ లింకును మార్చి, దొంగదారి ఉన్న ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ చేసే) ఫైలును జనానికి అంటగట్టారు.

మిగిలింది అమ్మగారి క్రోమ్‌బుక్. ఈ మోసం అక్కడ మొదటి మెట్టు దగ్గరే బోర్లాపడుతుంది. పేస్ట్ చేయడానికి చోటే లేదు. బయటి ప్రోగ్రామ్‌ను దింపి నడిపించే వీలు లేదు. లినక్స్ ఎన్విరాన్‌మెంట్ కావాలంటే విడిగా ఆన్ చేసుకోవాలి, చేసుకున్నా అది వేరే వర్చువల్ మిషన్‌లో (కంప్యూటర్ లోపల విడిగా నడిచే ఊహా కంప్యూటర్‌లో) నడుస్తుంది. సిస్టమ్ ఉన్న భాగంలో రాయడం కుదరదు, బూట్ అయిన ప్రతిసారీ అది మారలేదని సరిచూసుకుంటుంది. ఇంట్లో అందరూ బొమ్మగా చూసే పరికరం ఈ ఒక్క పరీక్షలో మిగతా నాలుగింటినీ దాటేసింది.

అయితే క్రోమ్‌బుక్‌కీ ఒక దొడ్డిదారి ఉంది: ఎక్స్‌టెన్షన్లు, అంటే బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు. పేజీలన్నీ చదివే అనుమతి ఇచ్చిన ఎక్స్‌టెన్షన్ మనం చూసేదంతా చూడగలదు. 2024 డిసెంబరు చివర్లో సైబర్‌హేవెన్ అనే భద్రతా కంపెనీ ఉద్యోగిని ఫిషింగ్‌తో బోల్తా కొట్టించి, వాళ్ళ ఎక్స్‌టెన్షన్‌కే విషం కలిపిన అప్‌డేట్‌ను క్రోమ్ స్టోర్‌లో పెట్టారు. వాడుతున్నవాళ్ళు ఏమీ చేయకుండానే అది వాళ్ళ బ్రౌజర్లలోకి దిగింది. అమ్మగారి బ్రౌజర్‌లో కూపన్లు వెతికిపెట్టే ఎక్స్‌టెన్షన్ ఒకటి కనబడింది. ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు, తీసేశాం.

తేడా ఎక్కడుంది

విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటికీ పునాది ఆలోచన ఒకటే, పాత యూనిక్స్ రోజులది: ఒక పెద్ద కంప్యూటర్‌ని చాలామంది పంచుకుంటారు, ఒకరి ఫైళ్ళు ఇంకొకరు చూడకూడదు, సిస్టమ్‌ని ఎవరూ పాడుచేయకూడదు. కాబట్టి గోడలు మనిషికీ మనిషికీ మధ్య, మనిషికీ సిస్టమ్‌కీ మధ్య కట్టారు. ఒకే మనిషి నడిపే ప్రోగ్రాములకు మధ్య కట్టలేదు. వీధి గుమ్మానికి మూడు తాళాలు వేసి, లోపల గదులకు తలుపులే పెట్టని ఇల్లు అది. ఇప్పుడు దొంగకి కావలసిందల్లా ఆ గదుల్లోనే ఉంది.

ఆండ్రాయిడ్, ఐఓఎస్, క్రోమ్‌ఓఎస్ తర్వాత పుట్టాయి. వాటిలో ప్రతి యాప్‌కీ వేరే గది. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌కీ విడి యూజర్ నంబరు కేటాయిస్తారు, ఒక యాప్ ఇంకో యాప్ డేటా ఫోల్డర్‌ని చూడలేదు. పాత మూడూ ఇప్పుడు తలుపులు బిగించుకుంటున్నాయి. మ్యాక్ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లకు అనుమతి అడగడం, లినక్స్‌లో విడి గదుల్లో నడిచే ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములు, విండోస్‌లో ఫోల్డర్లకు కాపలా అన్నీ ఆ కోవలోవే. నివసిస్తున్న ఇంట్లో గోడలు కడుతుంటే సామాను అడ్డొస్తూనే ఉంటుంది; పాత ప్రోగ్రాములు పనిచేయాలి కదా.

అందుకే విండోసా, మ్యాకా, లినక్సా అన్న వాదులాట నాకు సగం ప్రశ్నలా అనిపిస్తుంది. ఆ మూడింటి మధ్య తేడా ఉంది గానీ, ఆ మూడింటికీ ఫోన్ తరహా సిస్టమ్‌లకూ మధ్య ఉన్న తేడా అంతకన్నా పెద్దది. ఫోన్లకూ కన్నాలున్నాయనుకోండి. ఆండ్రాయిడ్‌లో బయటి ఏపీకే (యాప్ ఫైలు) వేసుకుని దానికి యాక్సెసిబిలిటీ (తెర చదివి మన బదులు నొక్కే) అనుమతి ఇచ్చేస్తే అన్ని గదుల తాళాలూ ఇచ్చేసినట్టే. ఆండ్రాయిడ్ 13 నుంచి అలాంటి యాప్‌కి ఆ అనుమతి ఇవ్వడాన్ని కష్టం చేశారు.

ముద్దాయి సంగతి

పెద్దాయన డెస్క్‌టాప్‌ని నిశితంగా చూశాను. శుభ్రంగా ఉంది. ఆయన దాన్లో మెయిల్ చూస్తారు, వార్తలు చదువుతారు, కాగితాలు స్కాన్ చేస్తారు. అంతే. కొత్తది ఏదీ వేసుకోరు, తెలియని పెట్టె వస్తే లేచి అవతలికి వెళ్ళిపోతారు. ఆయన జాగ్రత్త ఆయన కంప్యూటర్ వయసుని కప్పిపెట్టింది.

నిర్దోషి అని తేలినంత మాత్రాన భద్రంగా ఉన్నట్టు కాదు. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా ప్యాచ్‌లు వస్తాయి. ఆయన నమోదు చేసుకోలేదు. ఆ మిషన్‌లో టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ లేదు, ప్రాసెసరూ పాతది, విండోస్ 11 ఎక్కదు. ప్యాచ్ లేని సిస్టమ్‌కి మనిషి సరే అనాల్సిన పని కూడా లేదని 2017 మే 12న వన్నాక్రై అనే మాల్వేర్ చూపించింది. దాన్ని ఆపే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. వేసుకోనివాళ్ళ నెట్‌వర్కుల్లో అది ఎవరూ ఏమీ నొక్కకుండానే ఒక మిషన్ నుంచి ఇంకోదానికి పాకింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం విండోస్ 7, అంటే అప్పటికి ఇంకా సపోర్ట్ ఉన్నదే.

అప్‌డేట్ల విషయంలో అయిదింటి తీరూ వేరు. విండోస్‌కి 2003 అక్టోబరు నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం ప్యాచ్‌ల రోజు. గడువు తేదీలు ముందే చెబుతారు. ఆపిల్ తేదీలు చెప్పదు, వాడుకలో తాజా వెర్షన్‌కీ దాని వెనక రెండింటికీ ప్యాచ్‌లు ఇస్తుంది. తెలిసిన లోపాలన్నీ సరయ్యేది తాజా వెర్షన్‌లోనే అని ఆ కంపెనీయే రాస్తుంది. మింట్‌కి ఆధారమైన ఉబుంటులో ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్) వెర్షన్‌కి అయిదేళ్ళు. మింట్‌లో అప్‌డేట్లు వచ్చాయని చెబుతుంది గానీ వాటంతట అవే పడాలంటే మనం ఆన్ చేయాలి. 2021 నుంచి వచ్చిన క్రోమ్‌బుక్‌లకు పదేళ్ళు, అడక్కుండానే పడిపోతాయి. ఎవరూ పట్టించుకోని కంప్యూటర్‌కి ఈ చివరిది బంగారం.

పెద్దాయనకి ఏం పెట్టాలన్న దగ్గర కాసేపు వాదన నడిచింది. మింట్ వేద్దామన్నాడు కొడుకు, అంతా తనే చూసుకుంటానన్నాడు. నువ్వు ఇంట్లో లేనప్పుడో అని అడిగాను. చివరికి పాత కంప్యూటర్లలో వేసుకునే క్రోమ్‌ఓఎస్ ఫ్లెక్స్ వేశాం. అసలు క్రోమ్‌బుక్‌లో ఉండే గూగుల్ భద్రతా చిప్ ఇందులో ఉండదు, కాబట్టి బూట్ తనిఖీ అంత గట్టిది కాదు. ఆండ్రాయిడ్ యాప్‌లు రావు. అయినా బయటి ప్రోగ్రాములు నడవకపోవడం, అప్‌డేట్లు వాటంతట అవే రావడం రెండూ ఉన్నాయి. పోగొట్టుకున్నది స్కానర్. దాని ప్రోగ్రామ్ విండోస్‌లోనే నడుస్తుంది. ఆయన ఇప్పుడు ఫోన్‌తో స్కాన్ చేస్తున్నారు, నీడ పడుతోందని విసుక్కుంటున్నారు.

శుభ్రం చేసిన క్రమం

ఇందులో వరస ముఖ్యం. సోకిన మ్యాక్‌ని ముందు నెట్ నుంచి విడదీశాం. అమ్మగారి క్రోమ్‌బుక్ నుంచి అకౌంట్‌లోకి వెళ్ళి అన్ని సెషన్లనూ లాగౌట్ చేశాం. ఆ తర్వాతే పాస్‌వర్డ్. సోకిన మిషన్‌లోనే కూర్చుని పాస్‌వర్డ్ మారిస్తే కొత్తదాన్ని కూడా దొంగ చేతిలో పెట్టినట్టు. ఫిల్టర్ తీసేశాం, రికవరీ వివరాలు సరిచూశాం. ఆ అమ్మాయి క్రోమ్‌లో సేవ్ చేసుకున్న ప్రతి పాస్‌వర్డూ పోయినట్టే లెక్క వేసి ఒక్కొక్కటీ మార్పించాను. ముఖ్యమైనవాటికి పాస్‌కీలు (పాస్‌వర్డ్ బదులు వాడే డిజిటల్ తాళాలు) పెట్టాం. పాస్‌కీ అసలు సైటు అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది గనక నకిలీ లాగిన్ పేజీలో పనిచేయదు. కుకీ దొంగతనాన్ని మాత్రం పాస్‌కీ ఆపదు, ఈ తేడా ఆ ఇంట్లో అందరికీ రెండుసార్లు చెప్పాను.

మ్యాక్‌ని యాంటీవైరస్‌తో కడగలేదు, మొత్తం చెరిపి మళ్ళీ సెటప్ చేశాం. ఏది మిగిలిందో ఏది పోయిందో వెతుక్కునే సమయంలో మూడుసార్లు కొత్తగా పెట్టుకోవచ్చు. ఫైళ్ళు బ్యాకప్ నుంచి తెచ్చాం, ప్రోగ్రాములు మాత్రం ఒక్కొక్కటీ అసలు చోటు నుంచే.

ఉమ్మడి అకౌంట్‌ని విడగొట్టాం. ఎవరి మెయిల్ వాళ్ళది, ఇంటి కాగితాలకు ఒక షేర్డ్ ఫోల్డర్. అయిదు సిస్టమ్‌లలో అత్యంత బలహీనమైనది ఎంత భద్రమో ఆ ఉమ్మడి అకౌంట్ అంతే భద్రం. దీన్ని విడదీయడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ పనిచేస్తుంది.

మ్యాక్‌లోనూ విండోస్ 11లోనూ రోజువారీ వాడకానికి అడ్మిన్ కాని అకౌంట్ పెట్టాను. కుకీల దొంగని ఇది ఆపదని పైన రాసిందాన్ని బట్టే తెలుస్తుంది. సిస్టమ్‌లో వేళ్ళూనుకుపోయే రకాలను ఆపుతుంది కాబట్టి పెట్టాను. కోడలి ల్యాప్‌టాప్‌లో ఫోల్డర్లకు కాపలా కాసే సెట్టింగ్ మొదట్నుంచీ ఆఫ్‌లోనే వస్తుంది, ఆన్ చేశాం. వెంటనే ఆవిడ లెక్కల ప్రోగ్రామ్ ఫైలు సేవ్ చేయనని మొరాయించింది, దానికి విడిగా అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. ఇలాంటి చికాకుల వల్లే మైక్రోసాఫ్ట్ దాన్ని ఆఫ్‌లో ఉంచిందని నా ఊహ. అదనపు యాంటీవైరస్ కొనమంటారా అని అడిగింది, అక్కర్లేదన్నాను. డిఫెండర్ చాలు.

ల్యాప్‌టాప్ పోతే ఏమిటన్న ప్రశ్న కూడా అప్పుడే చూసేశాం. క్రోమ్‌బుక్‌లో యూజర్ డేటా మొదటి నుంచీ ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉంటుంది. మ్యాక్‌లో డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసే ఫైల్‌వాల్ట్ ఆన్‌లో ఉంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్త సెటప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఎన్‌క్రిప్షన్ దానంతట అదే ఆన్ అవుతుంది, రికవరీ కీ ఆ అకౌంట్‌లో చేరుతుంది. కోడలికి ఆ కీ ఉందనే తెలియదు, తీసి కాగితం మీద రాయించాను. ఏమీ లేనిది తమ్ముడి లినక్స్ ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఎన్‌క్రిప్షన్ గడిలో టిక్ పెట్టలేదు. యూఎస్‌బీతో బూట్ చేసి అతని ఫైళ్ళన్నీ పాస్‌వర్డ్ లేకుండా అతనికే తెరిచి చూపించాను. ఆ వారాంతంలోనే మళ్ళీ ఇన్‌స్టాల్ చేసుకున్నాడు.

ఇంకా తెరిచే ఉన్న అంశాలు

పాస్‌వర్డులు మార్చాం, సెషన్లు తెంచాం. ఆ ఉమ్మడి మెయిల్‌లో అటాచ్‌మెంట్లుగా ఉన్న గుర్తింపు కాగితాల స్కాన్లు మాత్రం వెనక్కి రావు. వాటి పేరు మీద ఎవరైనా అప్పు తీసుకుంటారేమో, కొత్త సిమ్ తీసుకుంటారేమో కనిపెట్టి ఉండాలి, ఆ పని కూతురు తీసుకుంది. పెద్దాయన మిషన్ మోడల్‌కి ఫ్లెక్స్ సపోర్ట్ ఎప్పటిదాకా ఉందో చూసి ఆ తేదీని కొడుకు ఫోన్‌లో రిమైండర్‌గా పెట్టించాను. కోడలి విండోస్ ల్యాప్‌టాప్‌లో 2011 నాటి సెక్యూర్ బూట్ (ఆన్ అయ్యేటప్పుడు సిస్టమ్‌ని సరిచూసే రక్షణ) సర్టిఫికెట్ల గడువు 2026 జూన్ నుంచి తీరడం మొదలవుతుంది. కొత్తవి విండోస్ అప్‌డేట్ ద్వారానే వస్తాయి గానీ, ల్యాప్‌టాప్ తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా వేసి ఉంచమన్నాను. అది వేశాక బ్యాటరీ శాతం సరిగా చూపించడం లేదని ఫోన్ చేసింది, ఈ వారం వెళ్ళి చూడాలి.